5×114.3 కారుకి 5×112 రిమ్ములు: ఎక్కుతాయి గానీ కూర్చోవు

మీరు అడిగింది ఇదీ: మీ కారుకి కంపెనీ రిమ్ములు 5×114.3. మీకు నచ్చిన అలాయ్ సెట్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, అది 5×112. అమ్మే ఆయన "రెండు మిల్లీమీటర్ల తేడాయే కదా, ఎక్కించి చూపిస్తాను" అంటున్నాడు. తీసుకోవచ్చా? అసలు రిమ్ములు మార్చేటప్పుడు ఈ అంకెల్లో ఏవి చూడాలి?

తీసుకోవద్దు. ఆ సెట్ ఎంత బాగున్నా వదిలేయండి. ఆయన అబద్ధమేమీ చెప్పడం లేదు. ఆ రిమ్ము మీ హబ్ (కారు వైపు చక్రం బిగించే భాగం) మీదకి నిజంగానే ఎక్కుతుంది, నట్లు కూడా బిగుస్తాయి. అసలు ఎక్కకపోతే ఎవరికీ ఇబ్బంది లేదు, వెనక్కి ఇచ్చేస్తారు. ఎక్కి, బిగిసి, కొన్ని వందల కిలోమీటర్లు మామూలుగానే నడవడం వల్లే ఈ తేడాని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

టైర్లు, రిమ్ములు బిగించడమే నా పని కాబట్టి ఈ ప్రశ్న తరచూ వింటూ ఉంటాను. అందరికీ చెప్పేది ఒకటే. రిమ్ము మీద ఉండే అంకెలన్నీ ఒకే రకం కావు. కొన్నింటిని కొంత సర్దుకోవచ్చు, కొన్నింటిని ఒక వైపుకి మాత్రమే సర్దుకోవచ్చు, ఒకదాన్ని అసలు సర్దుకోకూడదు. ఆ ఒకటే బోల్ట్ ప్యాటర్న్.

ముందు ఆ అంకె సంగతి. 5×114.3లో 5 అంటే బెజ్జాల సంఖ్య. 114.3 అంటే ఆ అయిదు బెజ్జాల మధ్య బిందువులను కలుపుతూ గీసిన వృత్తం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్నే పీసీడీ అంటారు. రిమ్ము సైజుకీ దీనికీ సంబంధం లేదు. 15 అంగుళాల రిమ్మయినా 18 అంగుళాలదైనా పీసీడీ ఒకటే కావచ్చు.

114.3 ఎందుకంత వింతగా ఉంది అంటే, అది అంగుళాల నుంచి వచ్చింది. సరిగ్గా నాలుగున్నర అంగుళాలు. అలాగే 139.7 అంటే అయిదున్నర, 127 అంటే అయిదు అంగుళాలు. 100, 108, 112 మొదటి నుంచీ మిల్లీమీటర్లలో పుట్టినవి. అందుకే 112కీ 114.3కీ మధ్య చుట్టరికం లేదు. పక్కపక్కన ఉన్నాయంతే. కొందరు 5×114 అనో 5×4.5 అనో రాస్తారు, అవి రెండూ 114.3కి పొట్టి పేర్లే, ఆ విషయంలో కంగారు అక్కర్లేదు. కానీ 5×120, 5×120.65 మాత్రం ఒకటి కావు. రెండోది నాలుగు ముప్పావు అంగుళాల కొలత, పాత అమెరికన్ కార్లలో కనిపిస్తుంది.

ఇప్పుడు మీ రెండు మిల్లీమీటర్ల సంగతి. కచ్చితంగా చెప్పాలంటే తేడా 2.3 మి.మీ. అది వ్యాసంలో. కాబట్టి ఒక్కో బెజ్జం, స్టడ్ (హబ్ నుంచి బయటికి వచ్చి, నట్టు ఎక్కే మర కడ్డీ) ఉన్న చోటు కంటే 1.15 మి.మీ. లోపలికి ఉంటుంది. రిమ్ములో బెజ్జం స్టడ్ కంటే కాస్త పెద్దగానే ఉంటుంది కాబట్టి ఆ పాటి తేడాతో స్టడ్ దూరిపోతుంది. అమ్మే ఆయన చూపించేది అంతవరకే.

కానీ రిమ్మును పట్టుకునేది బెజ్జం కాదు, నట్టు కూర్చునే సీటు. నట్టు కింది భాగం గరాటులా వాలుగా ఉంటుంది, రిమ్ములో సీటు కూడా అదే వాలుతో ఉంటుంది. రెండూ చుట్టూ సమానంగా ఆనాలి. స్టడ్ ఒక మిల్లీమీటరు పక్కకి ఉంటే నట్టు సీటులో ఒక వైపే ఆనుతుంది, రెండో వైపు ఖాళీ. ఇంకా బిగిస్తే స్టడ్‌ని పక్కకి వంచుతూ దిగుతుంది. అయిదు స్టడ్‌లూ తలో వైపుకి లాగుతాయి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో పెట్టుకునే స్పానర్) టక్ మని శబ్దం చేస్తుంది, అంతా బిగిసిందనుకుంటారు. ఆ బలంలో ఎక్కువ భాగం స్టడ్‌ని వంచడానికీ, వాలు మీద రాపిడికీ పోయిందని రెంచ్‌కి తెలియదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. కారు బరువు బోల్టుల మీద వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బోల్టు చేసే పని రిమ్ము ముఖాన్ని హబ్ ముఖానికి గట్టిగా అదిమి పట్టడం. ఆ రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడే బ్రేకు బలాన్నీ, బరువునీ మోస్తుంది. బిగింపు తగ్గితే రిమ్ము హబ్ మీద సన్నగా జరగడం మొదలవుతుంది. కంటికి కనిపించనంత కదలిక. చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్ కాస్త వంగి మళ్ళీ లేస్తుంది. ఇనుము ఇలా లక్షల సార్లు వంగితే అలిసిపోయి ఒక రోజు తెగుతుంది. దానికంటే ముందు నట్లు వదులవుతాయి, అది ఒక రకంగా అదృష్టం, హెచ్చరిక అనుకోవాలి. ఒక స్టడ్ తెగితే దాని భారం మిగతా నాలుగింటి మీద పడుతుంది, ఆ తర్వాత వరస పెట్టి పోతాయి.

ఒక కారు నా దగ్గరికి "మలుపులో టిక్ టిక్ మంటోంది, సస్పెన్షన్ చూడండి" అంటూ వచ్చింది. 4×100 హబ్, దాని మీద 4×98 రిమ్ములు. మీ తేడా కంటే కాస్త తక్కువే. నట్లు వదులైనప్పుడల్లా మళ్ళీ బిగించుకుంటూ నడిపారట. విప్పి చూస్తే సీట్లన్నింటిలోనూ ఒక పక్క మాత్రమే నెలవంకలా మెరుస్తోంది, మిగతా సగం పెయింట్ అలాగే ఉంది. రెండు స్టడ్‌లు వంగిపోయాయి. రిమ్ములతో పాటు ఆ చక్రాల స్టడ్‌లన్నీ మార్చాల్సి వచ్చింది, వంగిన స్టడ్‌ని నమ్మలేం కాబట్టి. మీరు ఎవరి దగ్గరైనా సెకండ్‌హ్యాండ్ రిమ్ములు చూస్తే సీట్ల లోపల తప్పకుండా చూడండి. మెరుపు చుట్టూ సమానంగా ఉంటే ఆ రిమ్ము సరైన కారు మీద నడిచినట్టు. నెలవంక ఉంటే అవి మీ పీసీడీ అయినా తీసుకోవద్దు, సీటు అప్పటికే అరిగి ఉంటుంది.

"మరి వాబుల్ బోల్టులు ఉన్నాయి కదా?" అని ఎవరో ఒకరు కింద రాస్తారు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. వీటిలో వాలు భాగం విడిగా ఉండి అటూ ఇటూ జరుగుతుంది, చిన్న తేడాని మింగుతుంది. సూత్రం తప్పేమీ కాదు. కానీ అప్పుడు చక్రాన్ని మధ్యలో నిలబెట్టే పని బోల్టుల నుంచి పూర్తిగా పోయి హబ్ మీదే పడుతుంది. అంటే సెంటర్ బోర్ (రిమ్ము మధ్యలోని పెద్ద బెజ్జం) హబ్‌కి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోవాలి. తయారీదారు చెప్పిన తేడా పరిమితి దాటకూడదు. రోజూ కుటుంబంతో తిరిగే కారుకి, బజారులో సరైన పీసీడీ రిమ్ములు దొరుకుతుండగా, వీటిని నేను బిగించను.

బెజ్జాలు కొత్తగా వేయించడం గురించి కూడా అడుగుతారు. 112 నుంచి 114.3కి అది అసలు కుదరదు. కొత్త బెజ్జం పాత బెజ్జం మీదే పడి కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది. వెల్డింగ్ చేసి పూడ్చి మళ్ళీ తొలిచే వాళ్ళు ఉన్నారు. వెల్డింగ్ వేడికి ఆ చోట అలాయ్ తన గట్టిదనాన్ని కోల్పోతుంది, అదీ అత్యంత భారం పడే చోట. అక్కడ ఆ పని చేయించకండి. ఫ్యాక్టరీ నుంచే ఎనిమిదో పదో బెజ్జాలతో వచ్చే రిమ్ములు వేరు. 4×100తో పాటు 4×114.3, లేదా 5×100తో పాటు 5×114.3, రెండు రకాలకీ పనికొచ్చేలా మొదటి నుంచీ ఆ లెక్కతోనే పోసినవి. అందం మాట ఎలా ఉన్నా వాటితో భయం లేదు.

అడాప్టర్ అనేది మూడో దారి. హబ్ మీద ఒక మందపాటి ప్లేటు బిగించి, దాని మీద ఉన్న వేరే స్టడ్‌లకి రిమ్ము బిగిస్తారు. మీ 112 రిమ్ములకి సాంకేతికంగా సరైన దారి ఇదే. అయితే పనికొచ్చే అడాప్టర్ సాధారణంగా 20 మి.మీ.కి తగ్గదు. చక్రం ఒక్కో వైపు అంత బయటికి వస్తుంది. ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి ఉంటుందో చెప్పే అంకె, దాని సంగతి కింద చెప్తాను) 45 ఉన్న రిమ్ము 25 ఉన్న దానిలా ప్రవర్తిస్తుంది. ఫెండర్‌కి తగలొచ్చు, స్టీరింగ్ తీరు మారుతుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. పైగా బిగింపు ఒక చోట కాకుండా రెండు చోట్ల సరిచూడాలి, లోపలి నట్లు చూడాలంటే చక్రం విప్పాల్సిందే. అరుదైన కారుకి రిమ్ములే దొరక్కపోతే సరే. 5×114.3 అంత దొరకని కొలత కాదు.

మీ కారు పీసీడీ నిజంగా ఎంతో ఎలా తేల్చుకోవాలి

నాలుగు, ఆరు బెజ్జాలయితే సులువు. ఎదురెదురు బెజ్జాలు రెండూ కేంద్రం గుండా ఉంటాయి. ఒక బెజ్జం ఎడమ అంచు నుంచి ఎదుటి బెజ్జం ఎడమ అంచుకి కొలవండి. మధ్య బిందువుల కోసం వెతుక్కోనక్కర్లేదు, అంకె అదే వస్తుంది.

అయిదు బెజ్జాలకి ఎదురు బెజ్జం ఉండదు. ఒక బెజ్జం బయటి అంచు నుంచి, దానికి దాదాపు ఎదురుగా ఉన్న బెజ్జం మధ్యకి టేపు పెట్టి కొలవమని చెప్పే చిట్కా ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. 100కీ 114.3కీ తేడా తెలుసుకోవడానికి పనికొస్తుంది. మీ ప్రశ్నకి పనికిరాదు. బెజ్జం సైజుని బట్టి ఆ కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు మారిపోతుంది, మీకు తేల్చాల్సిన తేడానే అంత.

సరైన పద్ధతి పక్కపక్క స్టడ్‌ల దూరం. పక్కపక్కనున్న రెండు స్టడ్‌ల మధ్య బిందువుల దూరాన్ని 1.7013తో గుణిస్తే పీసీడీ వస్తుంది. ఆ దూరం 58.8 మి.మీ. అయితే 5×100, 63.5 అయితే 5×108, 65.8 అయితే 5×112, 67.2 అయితే 5×114.3, 70.5 అయితే 5×120. చూశారా, 112కీ 114.3కీ పక్కపక్క దూరంలో తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా లేదు. టేపుతో పట్టుకోలేరు, వెర్నియర్ కాలిపర్ కావాలి. స్టడ్‌ల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి ఒక స్టడ్ మందం తీసేయండి. 12 మి.మీ. స్టడ్‌లున్న 5×114.3 హబ్ మీద బయటి కొలత 79.2 దగ్గర రావాలి.

కొలవడం కంటే చదవడం మేలు. రిమ్ము వెనక, స్పోక్‌ల లోపలి వైపు లేదా హబ్‌కి ఆనే ముఖం దగ్గర చాలా వాటికి అంకెలు పోసి ఉంటాయి. 5×112 అనో 5/112 అనో ఉంటుంది, కొన్ని జర్మన్ రిమ్ముల మీద ఎల్‌కే 112 అని రాసి ఉంటుంది. రిమ్ము మోడల్ పేరు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. బయటి కంపెనీలు ఒకే డిజైన్‌ని అనేక పీసీడీలతో అమ్ముతాయి.

కారు పేరు చూసి కూడా నమ్మకండి. సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ 2004 వరకు 5×100, 2005 నుంచి 5×114.3. బయటి రూపంలో పెద్ద మార్పు లేకుండానే హబ్ మారింది. బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఏళ్ళ తరబడి 5×120 వాడి, జీ20 తరం నుంచి 5×112కి వచ్చింది. మినీ 4×100 నుంచి 5×112కి మారింది. కాబట్టి "మా బంధువు కారు కూడా ఇదే మోడల్, అతని రిమ్ములు పడతాయి" అనే మాటకి తరం, సంవత్సరం, ఇంజన్ కూడా జోడించి చూడాలి. ఒకే తరంలో కూడా శక్తి ఎక్కువున్న వేరియంట్‌కి పెద్ద హబ్ ఇచ్చిన కార్లు ఉన్నాయి.

పీసీడీ కలిసాక రెండో అంకె: సెంటర్ బోర్

రిమ్ము మధ్యలో ఉండే పెద్ద బెజ్జం ఇది. దీన్ని ఒక వైపుకే సర్దుకోవచ్చు. హబ్ కంటే పెద్దదైతే రింగుతో సరిచేయవచ్చు, చిన్నదైతే రిమ్ము ఎక్కనే ఎక్కదు. 5×114.3లోనే చూడండి. టయోటాలకి సాధారణంగా 60.1 మి.మీ., హోండాలకి 64.1, నిస్సాన్‌లకి 66.1, హ్యుందాయ్, కియా, మాజ్దాలకి 67.1. హ్యుందాయ్ రిమ్ము టయోటా హబ్ మీదకి రింగుతో వస్తుంది, టయోటా రిమ్ము హ్యుందాయ్ హబ్ మీదకి రాదు. మీరు అదే పీసీడీలో ఇంకో సెట్ వెతుకుతారు కాబట్టి ఈ వరస గుర్తుంచుకోండి.

బయటి కంపెనీల రిమ్ములు చాలా కార్లకి పట్టేలా పెద్ద బోర్‌తో, తరచుగా 73.1తో వస్తాయి. వాటికి మీ హబ్ కొలతకి సరిపోయే హబ్ రింగులు వేయాలి. ఇక్కడ జనం చేసే పొదుపు వింతగా ఉంటుంది. రిమ్ములకి అంత ఖర్చు పెట్టి, అన్నింటికంటే చవకైన ఈ రింగులు వదిలేస్తారు.

రింగు బరువు మోయదు, దాని పని వేరు. నట్లు బిగించేటప్పుడు చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలబెడుతుంది. అది లేకపోతే మొదట బిగించిన నట్టు వైపు చక్రం అర మిల్లీమీటరు జరిగి అక్కడే బిగిసిపోవచ్చు. ఫలితం స్టీరింగ్‌లో వణుకు. ఒక కారుకి 80 దాటాక స్టీరింగ్ వణికేది. మూడు నాలుగు చోట్ల బ్యాలెన్సింగ్ చేయించారు, ప్రతిచోటా మెషీన్ సున్నా చూపించింది. చూపిస్తుంది కూడా, ఎందుకంటే మెషీన్ మీద చక్రం దాని సొంత కేంద్రం చుట్టూ తిరుగుతుంది, కారు మీద కాదు. టైర్లు మార్చమని కూడా ఎవరో సలహా ఇచ్చారట. చక్రం విప్పితే బోర్‌కీ హబ్‌కీ మధ్య వేలు గోరు దూరేంత సందు. రింగులు వేశాం, వణుకు పోయింది.

ప్లాస్టిక్ రింగా, అల్యూమినియం రింగా అన్న చర్చ ఎప్పటికీ తెగదు. మామూలు వాడకానికి రెండూ సరే. గట్టిగా బ్రేకులు వాడే వారి కార్లలో ప్లాస్టిక్ వేడికి మెత్తబడటం చూశాను. అల్యూమినియం తేమ ఎక్కువున్న చోట హబ్‌కి పట్టేసి ఊడి రాదు, హబ్ అంచుకి పలచగా గ్రీజు రాస్తే సరిపోతుంది. అంచుకే, స్టడ్‌లకి కాదు.

ఎవరూ చూడనిది: నట్టు సీటు

నా అనుభవంలో పీసీడీ తప్పులకంటే ఇవే ఎక్కువ. నట్లలో గరాటు వాలు ఉన్నవి, బంతిలా గుండ్రంగా ఉన్నవి, వాషర్‌తో బల్లపరుపుగా ఉన్నవి అని మూడు రకాలు. బయటి అలాయ్‌లు దాదాపు అన్నీ 60 డిగ్రీల గరాటు సీటుతో వస్తాయి. హోండా కంపెనీ నట్లు గుండ్రటివి. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ బోల్టులూ అంతే. టయోటా కంపెనీ అలాయ్‌లలో వాషర్ ఉన్న బల్లపరుపు నట్లు వచ్చినవి చాలా ఉన్నాయి. కంపెనీ నట్లనే కొత్త రిమ్ముకి వాడితే, గుండ్రటి నట్టు గరాటు సీటులో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. పీసీడీ సరిగ్గా ఉన్నా మళ్ళీ అదే కథ, బిగింపు నిలవదు.

అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష. నట్టు ఆనే భాగానికి మార్కర్ పూసి, చేత్తో తిప్పి, స్పానర్‌తో కొద్దిగా బిగించి విప్పండి. రంగు వెడల్పాటి పట్టీలా చుట్టూ పోతే సీటు కలిసింది. సన్నటి గీతలా పోతే రకం తప్పు. ఒక వైపే పోతే పీసీడీయే తప్పు. మీ అమ్మే ఆయన ముందే ఈ పరీక్ష చేయండి, మాటలతో పని లేకుండా తేలిపోతుంది.

మర కూడా చూడాలి. టయోటా, హోండా, హ్యుందాయ్‌లది సాధారణంగా ఎం12×1.5, అంటే స్టడ్ మందం 12 మి.మీ., మర చుట్ల మధ్య దూరం 1.5 మి.మీ. సుజుకీ, నిస్సాన్, సుబారులది ఎం12×1.25. ఒకదాని నట్టు ఇంకొకదాని స్టడ్ మీద రెండు చుట్లు వెళ్ళి బిగుసుకుంటుంది. అప్పుడు నట్లు బిగించే గన్ పెట్టి తోస్తే మర పోతుంది. అందుకే ప్రతి నట్టునీ ముందు చేత్తోనే ఎక్కించాలి. మర ఎంత లోతు పట్టాలి అంటే, కనీసం స్టడ్ మందమంత అనుకోండి. 12 మి.మీ. స్టడ్‌కి 1.5 మర అయితే ఎనిమిది పూర్తి చుట్లు, 1.25 మర అయితే దాదాపు పది. అలాయ్ రిమ్ము స్టీలు రిమ్ము కంటే మందం, కాబట్టి బోల్టులు వాడే యూరప్ కార్లలో స్టీలు రిమ్ముతో వచ్చిన బోల్టులు పొట్టివైపోవచ్చు. మరీ పొడవైనవి కూడా ప్రమాదమే, హబ్ వెనక బ్రేకు భాగాలకి తగులుతాయి.

ఇంకోటి: స్టెప్నీ పాత స్టీలు రిమ్మే ఉంటే పాత నట్లు ఒక సంచిలో వేసి డిక్కీలో ఉంచండి. కొత్త నట్లు దానికి సరిపోకపోవచ్చు. రాత్రి పూట రోడ్డు పక్కన పంక్చరైనప్పుడు తెలుసుకుంటే టెన్షన్.

ఆఫ్‌సెట్‌ని కొంత సర్దుకోవచ్చు, కానీ లెక్క వేసి. రిమ్ము వెడల్పుకి నడి గీత నుంచి, హబ్‌కి ఆనే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పే అంకె అది, రిమ్ము మీద ఈటీ 45 లాగా ఉంటుంది. అంకె పెరిగితే చక్రం లోపలికి, తగ్గితే బయటికి. వెడల్పు మారినప్పుడు రెండూ కలిపి చూడాలి. ఉదాహరణకి 6.5 అంగుళాల ఈటీ 45 రిమ్ము తీసి 7.5 అంగుళాల ఈటీ 38 వేశారనుకోండి. వెడల్పు ఒక అంగుళం పెరిగింది కాబట్టి ఒక్కో వైపు 12.7 మి.మీ. పెరుగుతుంది, ఆఫ్‌సెట్ 7 తగ్గడం వల్ల మొత్తం చక్రం 7 బయటికి జరుగుతుంది. లోపల షాక్ అబ్జార్బర్ వైపు 5.7 మి.మీ. దగ్గరవుతుంది, బయట ఫెండర్ వైపు 19.7 మి.మీ. ముందుకొస్తుంది. లోపల పర్వాలేదు గానీ, బయట అంత వస్తే నిండా మనుషులెక్కి గుంతలో పడ్డప్పుడు టైరు గీసుకునే అవకాశం ఉంది. కంపెనీ అంకెకి అయిదు అటూ ఇటూ ఉంటే నేను పెద్దగా పట్టించుకోను.

స్పోక్ వెనక బ్రేక్ కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను పట్టుకునే భాగం) తగులుతుందా అన్నది ఏ అంకెలోనూ కనిపించదు. ఒక రిమ్మును కారు ముందు హబ్‌కి పెట్టి చేత్తో తిప్పి చూడటమే దారి.

టైరు సైజు మారితే మొత్తం వ్యాసం దగ్గరగా ఉండేలా చూసుకోండి. 185/65 ఆర్15 వ్యాసం సుమారు 621.5 మి.మీ., 195/55 ఆర్16ది సుమారు 621. ఇలాంటి జత అయితే స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు.

రిమ్ము మోయగల బరువు కూడా తరచుగా వెనక కేజీల్లో ఉంటుంది. కారు యాక్సిల్ గరిష్ఠ బరువులో సగం కంటే అది ఎక్కువుండాలి. జేడబ్ల్యూఎల్ గుర్తు జపాన్ ప్రయాణికుల కార్ల అలాయ్ రిమ్ముల ప్రమాణానికి సంబంధించినది, పక్కన వీఐఏ (ఆ ప్రమాణాన్ని పరీక్షించే సంస్థ) గుర్తు కూడా ఉంటే మంచిది. గుర్తు ఉన్నంత మాత్రాన సెకండ్‌హ్యాండ్ రిమ్ము లోపల పగులు లేదని కాదు, వెనక వైపు వెలుతురులో చూసే కొనండి. కొత్తగా రంగు వేయించిన సెట్ అయితే హబ్ ముఖం మీదా సీట్లలోనూ మందంగా పెయింట్ ఉందేమో చూడండి. ఆ పెయింట్ నలిగి పలచబడే కొద్దీ నట్టు బిగింపు తగ్గిపోతుంది. అక్కడ గీకించేయాలి.

సరైన సెట్ దొరికాక బిగింపు. హబ్ ముఖం తుప్పు వైర్ బ్రష్‌తో పోగొట్టండి. చక్రం గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో, తర్వాత నక్షత్రం ఆకారంలో ఒకటి వదిలి ఒకటి కొద్దిగా బిగించండి. జాకీ దించాక టార్క్ రెంచ్‌తో పూర్తిగా. ఎం12కి సాధారణంగా 100 నుంచి 110 న్యూటన్ మీటర్లు, ఎం14కి 120 నుంచి 140 ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లో ఏది ఉంటే అదే ప్రమాణం. మరలకి నూనె రాయకండి. రాపిడి తగ్గి, రెంచ్ అదే అంకె చూపిస్తున్నా స్టడ్ మీద లాగుడు బాగా పెరిగిపోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి రెంచ్ పెట్టి చూడండి. సరైన పీసీడీ అయినా ఇది చేయాలి.

ఆ అమ్మే ఆయన దగ్గరే 5×114.3 సెట్ ఇంకేదైనా ఉంటే, ముందు వైపు ఫొటోలు అడక్కండి. వెనక అంకెలు, ఒక సీటు దగ్గరగా, సెంటర్ బోర్ మీద వెర్నియర్ పెట్టినది, ఈ మూడు ఫొటోలు అడగండి. వాటితో పాటు మీ కారు మోడల్, సంవత్సరం, ఇప్పుడున్న టైరు సైజు ఇక్కడ పెడితే రింగు ఏ కొలతది కావాలో, నట్లు ఏ రకమో చెప్తాను.